కట్టుటకు ముందు చెప్పవలసిన మాట



గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). అది శిష్యత్వమును గూర్చిన ఉపమానమే. అయినను లెక్క చూచువానిని ఆయన తప్పుపట్టలేదు. మన సంఘములలో మందిరము మాట వచ్చినప్పుడు ఎవరైనను లెక్క అడిగినయెడల, "విశ్వాసముతో అడుగు వేయవలెను గాని లెక్కలేమిటి అయ్యగారూ?" అనువారున్నారు. లెక్క అడుగుట అవిశ్వాసమా? జనుల ఆశ చెడకుండుటకై, కాదని తెలిసియు "వచ్చే క్రిస్మసుకు అయిపోవును" అని చెప్పుట ప్రేమయా, అబద్ధమా?

మన ప్రాంతపు సంగతి చూడుడి. జమ్మలమడుగు ప్రాంతమున ఉక్కు కర్మాగారమునకు 2007లో శంకుస్థాపన జరిగినది. 2018లో కంబాలదిన్నెయొద్ద మరల జరిగినది. 2019లో సున్నపురాళ్లపల్లెయొద్ద, అక్కడనే 2023లో ఇంకొకసారి. ఏ పక్షమును నిందించుట మా పని కాదు, మేము చెప్పునది మాటను గూర్చియే. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టములో ఉన్నదేమి? కడప జిల్లాలో ఉక్కు కర్మాగారము పెట్టుట సాధ్యమగునో కాదో ఆరు నెలలలో పరిశీలింపవలెనని. "పరిశీలించుట" వేరు, "పెట్టుట" వేరు. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో చదువు ముగించి ఉద్యోగమునకు ఎదురుచూచు బిడ్డకు ఆ భేదము ఎవరు తెలుపవలెను? మాట ఇచ్చినవాడే తెలుపవలెను. 2007లో ఇరువది ఏండ్లున్నవాడు ఇప్పుడు నడివయస్కుడు.

నెహెమ్యాను చూడుడి. ఎన్నాళ్లు పట్టునని రాజు అడుగగా, "అంతయు దేవుని చిత్తము" అని ఆయన తప్పించుకొనలేదు. గడువు చెప్పెను, కావలసిన తాకీదులు, మ్రానులు అప్పుడే అడిగెను (2:6-8). యెరూషలేము చేరిన పిమ్మట ఎవరికిని చెప్పక రాత్రివేళ గోడలు తిరిగి చూచి, తరువాతనే జనులతో మాటలాడెను. గోడ 52 దినములలో ముగిసెను (6:15). అయితే పట్టణములో ఇండ్లు ఇంకను కట్టబడలేదనియు వ్రాయబడియున్నది (7:4). గోడ ముందు, ఇండ్లు తరువాత.

బెంగుళూరులో కంప్యూటరు పని చేయు మన పిల్లలును ఇదే చెప్పుచుందురు. అడిగినదానికెల్ల సరేననుట సులభమట. ఏది ముందు, ఏది తరువాత అని పని పెట్టినవారిని మొదటనే ఒప్పించుట కష్టమట. ఆ కష్టము తప్పించుకొన్నవారికి చివరి నెలలో నిద్ర ఉండదట.

వినువారితోను ఒక మాట. "వానలు దాటనిండు, నాలుగు నెలలు పట్టును" అని మేస్త్రీ నిజము చెప్పగా, "నెలలో ముగించెదను" అను ఇంకొక మేస్త్రీని వెదకువారము మనమే గదా! తీపి మాటకు బేరమాడి, తరువాత మోసపోతిమని ఏడ్చుట ఏమి న్యాయము?

కనుక సంఘపెద్దలకు మా మనవి. గోడలు, పైకప్పు ఈ యేడు. గంటగోపురము డబ్బు కూడినప్పుడు. ఇట్లు వ్రాసి మందిరపు తలుపునకు అంటించుడి. తేదీ మారినయెడల ఆ ఆదివారమే ఆరాధనలో చెప్పుడి. కూలి డబ్బులో నుండి కానుక తెచ్చిన విధవరాలు లేచి "ఎందుకు మారినది?" అని అడిగినయెడల, ఆమెను కూర్చుండుమనక, లెక్కపుస్తకము తెరచి చూపుడి.