సంత కాదు, సంతకం

మన పెద్దవాళ్లలో చాలామందికి ఒక పట్టింపు ఉంది: వైద్యంలో బేరం ఆడకూడదు. వంకాయలకు ఆడొచ్చు, పట్టుచీరకు ఆడొచ్చు. ఆపరేషన్ దగ్గరకొచ్చేసరికి "ఎంతవుతుంది?" అని అడగడమే ప్రాణానికి వెల కట్టినట్టు. వైద్యుడు నారాయణుడితో సమానం, దేవుడితో బేరమేమిటంటారు. నిజానికి దేవుడితో ఆడినంత బేరం మనం ఇంకెవరితోనూ ఆడం. పని అయితే తలనీలాలు, కాకపోతే లేదు! మొక్కులన్నీ ముందే మాట్లాడుకున్న ఒప్పందాలే.

ఈ మొహమాటం నాతో పాటే అమెరికా వచ్చింది. నడుములో ఎల్-4, ఎల్-5 పూసల దగ్గర జారుడు ఉందని, ఫ్యూజన్ చేసి రెండింటినీ కలిపేయాలని సర్జన్ చెప్పాడు. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, నరం దెబ్బతినొచ్చు, పూసలు అతుక్కోకపోవచ్చు, నొప్పి తగ్గకనూపోవచ్చు. ఓపిగ్గా అన్నీ వివరించి, కాగితం చదివి సంతకం పెట్టమన్నాడు. ఖర్చు సంగతికి మాత్రం బిల్లింగ్ ఆఫీసుకు పంపారు. అక్కడి ఆవిడ చెప్పిన అంకె ఆసుపత్రిది మాత్రమే. సర్జన్‌ది వేరు, మత్తు డాక్టర్‌ది వేరు, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాల స్పందన కనిపెట్టే మనిషిది వేరు. మొత్తం ఎంతో ఎవరూ చెప్పలేదు. అందుకే తేదీ ఖాయం చెయ్యకుండా ఫిజికల్ థెరపీతో నెట్టుకొస్తున్నాను.

చట్టం లేదా అంటే ఉంది. 2021 జనవరి 1 నుంచి ఆసుపత్రులు తమ ధరలు బయటపెట్టాలి: జాబితా ధర, నగదు ఇచ్చేవారికి తగ్గింపు ధర, ఒక్కొక్క ఇన్సూరెన్స్ కంపెనీతో కుదుర్చుకున్న ధర. ముందుగా చూసి ఎంచుకోగల 300 సేవల ధరలు మామూలు మనిషికి అర్థమయ్యేలా చూపాలి. వాటిలో ప్రభుత్వమే నిర్ణయించిన 70లో వెన్నెముక ఫ్యూజన్లూ ఉన్నాయి. పాటించనందుకు మొదటి జరిమానాలు 2022లో జార్జియాలోని రెండు ఆసుపత్రులకు పడ్డాయి. ఒకే ఆసుపత్రిలో, ఒకే ఆపరేషన్‌కు, పక్కపక్క మంచాల మీది ఇద్దరికి రెండు ధరలుండొచ్చని ఈ జాబితాలు ఎవరైనా చూసుకునేలా చేశాయి.

నలుగురినీ అడిగి చవకైన చోటికి వెళ్తారన్నది ఈ చట్టం వెనక ఆశ. నా మటుకు నాకు అంత ఆశ లేదు. వెన్ను కోయించుకునేవాడు చవక వెతకడు సరికదా, చవకంటే అనుమానపడతాడు. వైద్యం తక్కిన సరుకుల్లాంటిది కాదని, డాక్టరుకు తెలిసింది రోగికి తెలియదని కెన్నెత్ యారో అనే ఆర్థికవేత్త 1963లోనే వివరించాడు. అయినా వెల ముందే తెలియాలంటాను. నా కారణం సంత కాదు, సంతకం.

నరం దెబ్బతినే ప్రమాదాన్ని ముందే ఎందుకు చెప్తారు? ఆ తర్వాత దానితో బతకాల్సింది రోగి కనుక. మరి అప్పుతో బతకాల్సిందీ అతనే కదా? పిల్లల కాలేజీ డబ్బు మీద, ఊళ్లో అమ్మకు నెలనెలా పంపే డబ్బు మీద పడే దెబ్బ కూడా ఆ ఆపరేషన్ ఫలితమే. అది చెప్పకుండా తీసుకున్న అంగీకారం సగం అంగీకారమే.

తెరిచి చూసేదాకా లోపల ఏముందో తెలియదంటారు. నిజమే. పాత ఇల్లు బాగుచేసే మేస్త్రికీ గోడ పగలగొట్టేదాకా తెలియదు. అయినా "ఇంతవుతుంది, చెదలుంటే ఇంత" అని రెండు అంకెలు చెప్తాడు. 2022 నుంచి ఇన్సూరెన్స్ లేనివారికి ముందుగా అంచనా ఇవ్వాలని, బిల్లు దానికన్నా 400 డాలర్లో ఆ పైనో ఎక్కువైతే రోగి తగువు పెట్టొచ్చని ఇక్కడి చట్టమే అంటోంది. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చికిత్సలకు ప్యాకేజీ ధరలు ముందే రాసిపెట్టారు. ఆ పథకంలో లోపాలు ఎన్నైనా ఎంచొచ్చు గానీ, ముందే వెల రాసినందుకు వైద్యానికి అవమానమేమీ జరగలేదు.

ఒక్క చోట మాత్రం మౌనమే ధర్మం. యాక్సిడెంటులో వెన్ను విరిగి ఎమర్జెన్సీకి వచ్చినవాడి దగ్గర డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, అపాయం తప్పించాలని 1986 నాటి చట్టం చెప్తుంది. అక్కడ వెల మాటెత్తకపోవడం దయ. నెలల ముందే తేదీ పెట్టుకునే ఆపరేషన్‌లో ఆ మౌనానికి అదే పేరు పెట్టలేం.

నేను కోరేది పెద్దదేం కాదు. ఆ కాగితంలో ఇన్‌ఫెక్షన్, నరం, నొప్పి అన్న వరుస కింద ఇంకొక్క వాక్యం: అందరి బిల్లులూ కలిపి మీ చేతి నుంచి పడేది సుమారు ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత. సంతకం చోటు దాని కింద ఉండాలి.