కుబుసం మిగిలిన వేలు

బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి మన పంచాంగాల్లో ఓ పట్టికే ఉంటుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకొకటి. పడ్డ బల్లికి ఏమైందన్న గడి మాత్రం అందులో ఉండదు. ఈమధ్య నన్ను ఆ లేని గడే పట్టుకుని వదలడం లేదు.

కారణం లెపర్డ్ గెకో. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతాల్లోని పొడి రాతినేలల బల్లి ఇది. ఇప్పుడు అమెరికాలో, యూరప్‌లో గాజుపెట్టెల్లో పెంచుకుంటున్నారు. మన గోడబల్లిలా దీని వేళ్లకు అంటుకునే మెత్తలుండవు, సన్నటి గోళ్లుంటాయి. పెద్దదయ్యాక కూడా కొన్ని వారాలకోసారి కుబుసం విడుస్తుంది, విడిచినదాన్ని తనే తినేస్తుంది. పెట్టెలో తేమ చాలకపోతే ఒళ్లంతా ఊడినా వేళ్ల కొసల్లో చర్మం చిన్న ఉంగరంలా ఉండిపోతుంది. ఎండి బిగుసుకుంటుంది. మళ్లీ కుబుసం విడిచినప్పుడు దానిమీద ఇంకో పొర. రక్తం అందక వేలు వాస్తుంది, నల్లబడుతుంది, చివరికి రాలిపోతుంది. తోక తెగితే మళ్లీ మొలుస్తుంది. వేలు మొలవదు.

ఇదంతా చప్పుడు లేకుండా జరిగిపోతుంది. కుక్క అయితే కుయ్యిమంటూ కుంటుతూ వస్తుంది. గెకో ఏమీ చెప్పదు. డాలస్‌లో ఉండే నా స్నేహితురాలు కుబుసం విడిచిన ప్రతిసారీ తన గెకో వేళ్లు లెక్కపెడుతుంది. కాలికి ఐదు చొప్పున ఇరవై. "అది నిన్ను గుర్తుపడుతుందా?" అని అడిగాను. "ఏమోనే, నా చెయ్యి వెచ్చగా ఉంటుందని ఎక్కుతుందేమో" అంది.

మరి ప్రేమ తిరిగొస్తుందన్న నమ్మకం లేనిచోట బాధ్యత ఎక్కణ్ణుంచి వస్తుంది? బయట బతికే బల్లులకి మాత్రం వేళ్లు పోవా, వాటికెవరు జవాబుదారీ అని అడగొచ్చు. బయట ఉన్నదానికి రాళ్లకింద తేమున్న సందు వెతుక్కునే దారి ఉంది. పెట్టెలో ఆ దారి మూసింది మనిషి. వెతుక్కునే వీలు తీసేసుకున్నవాడే వెతికిపెట్టాలి. దీన్ని దయ అనడం నాకు నచ్చదు. బాకీ అంటాను.

తీర్చడం కష్టమేం కాదు. తడి నాచు పరిచి, దూరేందుకు కంత పెట్టిన ఓ మూత డబ్బా చాలు. అప్పటికీ చర్మం మిగిలితే కాసేపు లోతులేని గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, తడి దూదిపుల్లతో మెల్లగా దొర్లించాలి. వేలు నల్లబడితే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. పొడిగా ఉన్నప్పుడు పీకితే కింది లేతచర్మం, ఒక్కోసారి గోరు కూడా ఊడొస్తాయి. సాయం చేసెయ్యాలన్న తొందర మనది, నొప్పి దానిది. బాకీ తీర్చే తీరులో కూడా నీతి ఉంటుందని నాకు అర్థమైంది ఇక్కడే.

అసలు పెంచుకోకపోతే ఈ బాకీయే ఉండదు కదా అంటారా? నిజమే. సరిగ్గా చూసుకుంటే గెకో పదిహేనేళ్లకు పైగా బతుకుతుంది. కొనాలనుకునేవాళ్లు ధర అడిగేముందు తమని తాము అడగాల్సింది ఒకటుంది: అన్నేళ్లపాటు, అది అడగకపోయినా, ఇరవై వేళ్లూ లెక్కపెట్టగలమా?