గుండె పాతది, సామాను కొత్తది

ఇల్లాలు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చేసే పనుల్లో చాలా భాగం కొత్తగా దేన్నీ తయారుచెయ్యవు. నిన్న తోమిన గిన్నెనే ఇవాళా తోముతాం. నిన్న ఊడ్చిన గదినే ఇవాళా ఊడుస్తాం. సాయంత్రానికి చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. "రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా, ఏం చేశావు?" అని ఎవరైనా అడిగితే జవాబు వెతుక్కోవాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం కూడా ఒక పనేనా అని లోకానికి అనుమానం.

శాస్త్రజ్ఞులు కూడా ఒకప్పుడు ఇలాంటి చోటే తికమకపడ్డారు. మన ఒంట్లో ప్రతి జీవకణంలోనూ ప్రోటీన్లు - మనం బళ్ళో మాంసకృత్తులని చదువుకున్నవే - నిత్యం తయారవుతుంటాయి, నిత్యం విరిగిపోతుంటాయి. తయారీకి శక్తి కావాలంటే ఎవరికీ వింత అనిపించలేదు. విరగ్గొట్టడానికి కూడా కణం శక్తి ఖర్చు పెడుతోందని 1950లలో బయటపడేసరికి ముక్కున వేలేసుకున్నారు. మేడ కట్టడానికి డబ్బు కావాలి గానీ, పడిపోయేదాన్ని పడిపోనివ్వడానికి డబ్బెందుకండీ?

ఈ ముడి విప్పినవాళ్ళు ఇజ్రాయెల్‌కి చెందిన హెర్ష్కో, సికానోవర్, అమెరికాకి చెందిన రోజ్. 2004లో ముగ్గురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. పనికిరాని ప్రోటీనుకి కణం ఒక చీటీ అంటిస్తుందిట. ఆ చీటీ కూడా యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనే. చీటీలున్న సరుకు నేరుగా ముక్కలు చేసే యంత్రంలోకి పోతుంది. అంటే ఖర్చు ఒట్టి పారెయ్యడానికి కాదు. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో చూసి, ఎంచి, తీసెయ్యడానికి. బియ్యంలో రాళ్ళేరినవాళ్ళకి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ముక్కల్ని కూడా కణం వృథా పోనివ్వదు, వాటితోనే కొత్త ప్రోటీన్లు కట్టుకుంటుంది. విరిగిన పాలలో పంచదార పోసి మనం కోవా చెయ్యడం లేదూ!

ఈ ఖర్చుకి కణం వాడే నాణెం పేరు ఏటీపీ. 1929లో దాన్ని కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

చీటీ అంటించే ముందు కణం ఊరికే ఉండదు. ప్రోటీను అంటే పొడుగాటి గొలుసు. చీర కుచ్చిళ్ళు కుదిరితేనే కట్టు నిలబడినట్టు, ఈ గొలుసు సరిగ్గా మడత పడితేనే పనికొస్తుంది. వేడికీ, అలసటకీ మడత చెదురుతుంది. చెదిరినవి ఒకదాన్నొకటి అతుక్కుని ముద్దకడతాయి. అలా జరక్కుండా వెంటే ఉండి మడత కుదిర్చే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాటికి షాపరోన్లని పేరు పెట్టారు. వెనకటి రోజుల్లో దొరల ఇళ్ళల్లో పెళ్ళికాని పిల్ల బయటికి వెళ్తే వెంట పంపించే పెద్దావిణ్ణి అలా పిలిచేవారు. కూడనిచోట అతుక్కోకుండా చూడ్డమే ఆవిడ ఉద్యోగం. పేరు పెట్టినవాడెవరో గానీ రసికుడే.

ఇదంతా గుండెలో ఎందుకంత ముఖ్యం? చర్మం సంగతి వేరు. పాత కణాలు రాలిపోతాయి, కొత్తవి వస్తాయి. గుండె కండరానికి ఆ వీలు లేదు. 1950, 60లలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో ఒకరకం కార్బన్ పెరిగింది. అది తిండి ద్వారా మనుషుల కణాల్లో చేరింది. ఆ గుర్తుని పట్టుకుని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2009లో గుండె కణాల వయసు లెక్కకట్టారు. పాతికేళ్ళ వయసులో ఏడాదికి నూటికి ఒకటి మారుతుంది. డెబ్భై అయిదేళ్ళకి అందులో సగం కూడా మారదు. జీవితం మొత్తంమీద సగానికి పైగా మనతో పుట్టి పెరిగినవే ఉండిపోతాయి. వాటి లోపలి ప్రోటీన్లు మాత్రం చాలామటుకు కొద్దిరోజుల్లోనో, వారాల్లోనో మారిపోతుంటాయి. రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకుంటూ, ఒక్క పూటైనా సెలవు పెట్టకుండా, గుండె తన సామాను తానే మార్చుకుంటూ ఉంటుంది.

వయసు మీదపడేకొద్దీ ఈ సంబాళింపు సడలుతుంది. అరగని చెత్త గోధుమరంగు రేణువులై గుండె కణాల్లో పేరుకుంటుంది, మన అటకల మీద విరిగిన గొడుగులూ, మూతల్లేని డబ్బాలూ చేరినట్టు. కొందరు పెద్దవాళ్ళలో కాలేయం తయారుచేసి పంపే ఒక ప్రోటీనే మడత చెడి, గుండెగోడల్లో పేరుకుని, వాటిని బిరుసెక్కిస్తుంది.

చెత్తని అరగదీసుకునే ఇంకో పద్ధతి ఉంది. జపాను శాస్త్రజ్ఞుడు ఒసుమి ఈస్టుని పస్తుపెట్టి ఆ గుట్టు విప్పాడు. 2016లో ఆయనకి నోబెల్ రాగానే, ఏకాదశి ఉపవాసానికే బహుమతి వచ్చినట్టు ఫోన్లలో ఒకటే సందేశాలు. ఆయన పస్తుపెట్టింది ఈస్టునండీ, అత్తగార్లని కాదు.

అత్తగారంటే గుర్తొచ్చింది. ఈ చీటీల సంగతి ఇంట్లో చెబుతుంటే మా అత్తయ్యగారు చివరిదాకా విని, "అయితే పనికిరానివాటికి చీటీ అంటించి పంపెయ్యడం ప్రకృతి ధర్మమేనన్నమాట. నా చీటీ ఎవరు రాస్తారమ్మా?" అన్నారు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. మావారు నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు.

చీటీ భాగాలకే గానీ మొత్తానికి కాదని నా వాదన. ఆవిడ కళ్ళజోడు మార్చాం, పళ్ళు కట్టించాం, ఆవిణ్ణి మార్చలేదు. ఇది గుండె పద్ధతి. చర్మం పద్ధతి పాటించే ఇళ్ళూ ఉన్నాయి, లేవనను. కానీ ప్రకృతిని సాక్ష్యానికి పిలిచేవాళ్ళు చర్మాన్ని పిలిచి గుండెని వదిలేస్తే ఎలా?

దీనికి మా మరిది వెంటనే అడ్డం తగిలాడు. "గుండె ప్రేమతో అట్టేపెట్టుకోవడం లేదు వదినా, కొత్త కణాలు చేసుకోవడం చేతగాక అట్టేపెట్టుకుంటోంది" అని. నిజమే. ఇళ్ళల్లో సేవలు కూడా చాలావరకు అలాగే మొదలవుతాయి. ఇంకో దారి లేక మొదలుపెట్టిన పని పదేళ్ళు చేశాక అందులో ప్రేమపాలెంతో, చేతగానిపాలెంతో విడదీసి చూపించగలవాళ్ళెవరు? విడదీసినా, మంచంలో ఉన్న మనిషికి వేళకి అందిన గ్లాసెడు పాలు తక్కువవుతాయా?

నన్ను తొలిచే ప్రశ్న అది కాదు, ఖర్చుది. కణంలో మడతలు కుదిర్చేవాళ్ళూ, చీటీలంటించేవాళ్ళూ, ముక్కలు చేసేవాళ్ళూ వేరువేరు. అందరికీ ఏటీపీ ఉమ్మడి ఖాతాలోంచే వస్తుంది. మన ఇళ్ళల్లో ఈ పనులన్నీ ఒక్క మనిషివి, ఖాతా కూడా ఆ ఒక్క మనిషిదే. ప్రకృతి ధర్మం మాట్లాడాలనుకుంటే ఇక్కణ్ణించి మొదలుపెట్టమన్నాను మావారితో.

ఆయన ఆలోచించి, రాత్రిపూట అత్తయ్యగారికి వేణ్ణీళ్ళు కాచే పని తీసుకున్నారు. మొదటిరోజు నీళ్ళు ఇగిరి గిన్నె మాడింది. "పోనీలే నాయనా, రేపు ఇంకాసిని ఎక్కువ పొయ్యి" అన్నారు అత్తయ్యగారు.