మాన్పించాలా అని అడిగావు కదా తల్లీ



నిన్న ఫోన్లో "పెద్దమ్మా, పాలు మాన్పించెయ్యనా?" అన్నావు. అంతలోనే పక్కనుంచి మీ అత్తగారు "తల్లిపాలు లేకపోతే పసివాడేమైపోతాడు" అనడం, మీ ఆయన "ముందు తను కోలుకోవాలి, ఆపెయ్యమనండి" అనడం రెండూ వినబడ్డాయి. ఇద్దరిదీ ప్రేమే. కానీ రొమ్ములో చీము గడ్డ కోయించుకున్నది నువ్వు. డ్రెస్సింగప్పుడు గాయంలోంచి ఆ గాజు గుడ్డ లాగుతుంటే మంచం పట్టె గట్టిగా పట్టుకునేది నువ్వు. కాబట్టి చివరి మాట నీదే. ఆ మాట అనుకునేముందు నీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రసూతి వార్డులో పనిచేసినదాన్ని గనక చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు, జ్వరం మీద ఉండగా ఈ నిర్ణయం తీసుకోకు. ఒంట్లో చలిజ్వరం, రొమ్ములో సలపరం, కంటికి కునుకు లేదు. అలాంటప్పుడు ఏ తల్లికైనా ఆపెయ్యాలనే అనిపిస్తుంది. పైగా ఆపాలనే అనుకున్నా ఉన్నపళంగా ఆపడం నీ ఒంటికే మంచిది కాదు. ఊరే పాలు ఊరుతూనే ఉంటాయి. బయటికి పోక నిలవుంటే వాపు పెరిగి గడ్డ మళ్లీ కట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో రొమ్ము వాపు మీద వేసిన పుస్తకంలో కూడా, వీలైనంతవరకు పాలివ్వడం ఆపొద్దనే చెప్పింది. అంచేత తొందరేమీ లేదు. జ్వరం తగ్గి, రెండు రాత్రులు కాస్త కన్నంటుకున్నాక ఆలోచించు.

"నా పాలు చెడిపోయాయేమో" అన్నావే, ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. చెడిపోలేదమ్మా. మీవాడు నెలలు నిండి పుట్టాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. అలాంటి బిడ్డకు గడ్డ ఉన్న వైపు పాలు కూడా మామూలుగా హాని చెయ్యవు. కోత చనుమొనకు దూరంగా ఉండి, వాడి నోరు కట్టుకీ చీముకీ తగలకపోతే ఆ వైపూ పట్టవచ్చు. తగిలేటట్టుంటే ఆ వైపు చేత్తో పిండేసి, రెండో వైపు పట్టు. పిండిన పాలలో చీము కనబడితే మాత్రం పారబొయ్యి. క్లాక్సాసిలిన్, సెఫలెక్సిన్ లాంటి మందులు పాలిచ్చే తల్లులకు ఇచ్చేవే. పిల్లాడికి విరేచనం కాస్త పలచబడితే కంగారుపడకు, డాక్టరుకు చెప్పు. జ్వరం తగ్గింది కదా అని కోర్సు మధ్యలో మానకు.

ఇది నీవల్ల వచ్చింది కూడా కాదు. పథ్యం తప్పి పెరుగన్నం తిన్నావనీ, ఎవరి దిష్టో తగిలిందనీ అనేవాళ్లు అంటారు. చనుమొన పగిలిన చోటునుంచి, మన చర్మం మీద, ముక్కుల్లో ఉండే స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి లోపలికి పోవడం దీనికి మామూలు కారణం. పెరుగుకు దీంతో ఏ సంబంధమూ లేదు. కడుపునిండా తిను.

ఇంకొకటి. కాపడం పెట్టి, గట్టిగా పిసికి, పంపుతో తోడి ఖాళీ చెయ్యమని చెప్పేవాళ్లు నీ చుట్టూ ఉంటారు. మా ఉద్యోగాల రోజుల్లో వార్డుల్లోనూ అదే నేర్పేవారు. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ ఆ పద్ధతి వద్దంది. గట్టిగా పిసికితే లోపల మరింత నలిగి వాపు ఎక్కువవుతుంది. అదేపనిగా తోడితే పాలు ఇంకా ఊరతాయి. గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు ఆనించు, డాక్టరు రాసిన నొప్పి మాత్ర వేసుకో, వాడు తాగినంత తాగనీ.

ఇక అసలు సంగతి. దీన్ని అందరూ ఉంచడమా, తుంచడమా అన్నట్టు మాట్లాడుతున్నారు. మధ్యలో దారులున్నాయి, వాటి గురించి నీకెవరూ చెప్పినట్టు లేదు. ఏ రొమ్ము లెక్క దానిదే. బిడ్డ తాగినకొద్దీ పాలు ఊరతాయి, తాగకపోతే తగ్గిపోతాయి. అందుకే గడ్డ లేచిన వైపు నెమ్మదిగా ఎండగట్టి, రెండో వైపు మాత్రమే ఇస్తూ ఉండవచ్చు. ఒక్క వైపు పాలతోనే బొద్దుగా పెరిగిన పిల్లల్ని నేను కళ్లారా చూశాను. కొన్నాళ్లు రెండు వైపులా సైజు తేడాగా కనబడుతుంది, పాలు పూర్తిగా మానేశాక చాలావరకు సర్దుకుంటుంది. లేదంటే రాత్రిపూట నువ్విచ్చి, పగలు కొన్ని పూటలు పోతపాలు పట్టవచ్చు. కోతలోంచి పాలు కారుతున్నాయని ఏడ్చావు. పాలనాళం తెగిన చోట అలా జరుగుతుంది, చాలామందికి దానంతటదే మూసుకుంటుంది. ఎంతకీ మూసుకోక ఆ వైపు ఆపమని సర్జన్‌గారు చెబితే మాత్రం ఆ మాట విను. పాలు చాలుతున్నాయా లేదా అన్న అనుమానం వస్తే అందరినీ అడక్కు. వాడు రోజుకు ఆరుసార్లయినా ఒంటికి పోస్తున్నాడా, తూకం పెరుగుతోందా, అవే చూసుకో.

ఇవేవీ నావల్ల కాదు పెద్దమ్మా అనిపిస్తే ఆపెయ్యి. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టమని, రెండేళ్లు దాటినా ఇవ్వచ్చని చెప్పేది మంచి మాటే, నేనూ ఎందరికో చెప్పాను. అది తల్లిని నిలబెట్టి దోషిని చెయ్యడానికి చెప్పే మాట కాదు. పిల్లాణ్ణి దగ్గరికి తీసుకోవాలంటేనే నీ ఒళ్లు బిగుసుకుపోతోందంటే, వాడికి పాలకంటే నువ్వే ఎక్కువ అవసరం. పురిట్లో ఇచ్చిన ముర్రుపాలు మొదలుకొని ఇన్నాళ్లూ నువ్విచ్చిందంతా వాడికి చేరింది, దాన్నెవరూ వెనక్కి తీసుకోలేరు.

ఆపేటప్పుడు నిదానం ముఖ్యం. మూడు నాలుగు రోజులకో పూట చొప్పున తగ్గించుకుంటూ రా. నిండి నొప్పిపెడితే సుఖంగా అనిపించేంత మటుకే పిండు. గుడ్డతో బిగించి కట్టకు. మన పక్క మల్లెపూలు కట్టే అలవాటుంది కదా, అది వట్టి మాట కాదు. వేలూరు డాక్టర్లు బాలింతల మీద చేసిన పరిశీలన 1988లో అచ్చయింది, పాలు తగ్గించడంలో మల్లెలు బ్రోమోక్రిప్టిన్ అనే మాత్రకు తీసిపోలేదని రాశారు. నువ్వు మాత్రం పచ్చి గాయం పక్కన పూలు పెట్టకు, ముందు గాయం పూర్తిగా మానాలి. పాలు ఆగడానికి మాత్ర తెచ్చుకుందామని ఎవరైనా అంటే సొంతంగా మింగకు. బీపీ ఉన్నవాళ్లకు అలాంటివి ప్రమాదం, కాన్పప్పుడు నీకు బీపీ పెరిగిన సంగతి డాక్టరుకు గుర్తుచెయ్యి.

పోతపాలకు వస్తే, ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలు, గేదెపాలు నీళ్లు కలిపి పట్టొద్దు. ఏ డబ్బా అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. డబ్బాపాలకు ప్రకటనలు వెయ్యకూడదని మన దేశంలో 1992లోనే చట్టం చేశారు, అంత జాగ్రత్త పడాల్సిన సరుకు అది. మరిగించిన నీళ్లు బాగా వేడిగా ఉండగానే పొడి కలిపి, తర్వాత చల్లార్చి పట్టండి. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని పొడి తగ్గించొద్దని మీ అత్తగారికి మెల్లగా చెప్పు. సీసా పీక కడగడం కష్టం. అటక మీద మీ అమ్మమ్మ వెండి ఉగ్గుగిన్నె ఉంది, దింపి మరిగించి దాంతో పట్టు.

పాలు తగ్గుతున్న రోజుల్లో మనసు కూడా కుంగవచ్చు. వాడు పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఇష్టం లేకపోతే దాచుకోకు. టెలి మానస్ అని ప్రభుత్వం వాళ్ల నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. జ్వరం మళ్లీ ఎగబాకినా, గుండె దడదడలాడినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మందులు అయిపోయినా ఎరుపు, గట్టిదనం పోకపోతే మళ్లీ స్కాన్ తీయించుకోవాలి.

శుక్రవారం డ్రెస్సింగుకి వెళ్లినప్పుడు సర్జన్‌గారిని మూడు అడుగు: ఆ వైపు వాడి నోరు పెట్టవచ్చా, ఆ ఒక్క వైపే ఎండగట్టవచ్చా, ఆపాలంటే గాయం ఎంతవరకు మానాలి. కాగితం మీద రాసుకెళ్లు, అక్కడ నొప్పిలో మర్చిపోతావు. శనివారం సాయంత్రం బస్సుకి నేనొస్తున్నాను. రాత్రిళ్లు పిల్లాణ్ణి ఎత్తుకోవడం, గిన్నెలు మరిగించడం నేను చూసుకుంటాను. నువ్వు ఏది అనుకున్నా, మీ అత్తగారికి నేనే చెబుతాను.

మీ పెద్దమ్మ