సాత్వికులకు దక్కే నేల

కొండమీది ప్రసంగంలో భూమికి వారసులయ్యేది ఎవరో చెప్పేచోట ఇంగ్లీషు బైబిలు ‘మీక్’ అనే మాట వాడుతుంది. నేటి ఇంగ్లీషులో ఆ మాట వింటే నోరులేనివాడు, ఎవరేమన్నా పడి ఉండేవాడు గుర్తొస్తాడు. యేసు మెచ్చుకున్నది అటువంటివాణ్ణేనా? కాదనే నా వాదన. ‘మీక్’ ఇంగ్లండులో స్థిరపడ్డ స్కాండినేవియన్లు తెచ్చిన మాట. వారి ‘మ్యూక్ర్’కు మెత్తనిది, వంగేది అని అర్థం. స్వీడిష్‌లో నేటికీ ‘మ్యూక్’ అంటే మెత్తనిదే; సాఫ్ట్‌వేర్‌ను వాళ్లు ‘మ్యూక్‌వారా’ అంటారు. వస్తువు మెత్తదనం మనిషి స్వభావానికి పాకింది, మనం మెత్తని మనిషి అన్నట్టే. 14వ శతాబ్దపు విక్లిఫ్ అనువాదం ఇక్కడ ‘మైల్డ్’ అంది. 1526లో టిండేల్ తన అనువాదంలో ‘మీక్’ అన్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు దాన్నే నిలిపింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మన సామెత. ఆ చిన్నచూపే ఇంగ్లీషు మాటకూ పట్టింది.

మత్తయి సువార్తలోని గ్రీకు మాట ‘ప్రయుస్’ కథ వేరు. గ్రీకులు దాన్ని మచ్చికైన గుర్రానికీ వాడారు. మచ్చికైనంత మాత్రాన గుర్రానికి బలం పోదు. అరిస్టాటిల్ ఈ గుణాన్ని ముక్కోపానికీ, కోపమే రాని మొద్దుతనానికీ నడుమ పెట్టాడు. కోపం రావలసినచోట రానివాణ్ణి తెలివితక్కువవాడన్నాడు. మన అనువాదకులు ఎంచుకున్న ‘సాత్వికులు’ కూడా సత్త్వం నుంచి వచ్చింది, మన సత్తువ పుట్టిందీ అందులోంచే. మాట పుట్టుక దాని అర్థాన్ని తేల్చదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయితే మోషేను చూడండి. సంఖ్యాకాండము 12వ అధ్యాయం అతణ్ణి భూమిమీద అందరికంటే సాత్వికుడంటుంది. ఫరో ఎదుట నిలబడ్డవాడు, దూడ విగ్రహాన్ని చూసి రాతిపలకలు పగలగొట్టినవాడు అతడే. అక్క, అన్న తనను నిందించినప్పుడు మాత్రం తనకోసం ఒక్క మాట మాట్లాడలేదు. అక్కకు కుష్ఠు సోకితే బాగుచేయమని మొరపెట్టుకున్నాడు. అతనికి కోపం లేక కాదు, దాన్ని తన పరువు కోసం ఖర్చుచేయలేదు.

పగ తీర్చుకోలేని బలహీనులు తమ చేతకానితనానికి మంచితనమని పేరు పెట్టుకున్నారని 1887లో జర్మన్ తత్వవేత్త నీచ్చ ఆరోపించాడు. మోషే ఉదాహరణ దానికి కొంత జవాబు. అంతకంటే బరువైన ఆక్షేపణ మన పక్కనే ఉంది. 1878లో ఒంగోలు ప్రాంతంలో వేలమంది బాప్తిస్మం తీసుకున్నారు, వారిలో అత్యధికులు మాదిగలు. తరతరాలుగా తలవంచుకుని బతకమన్న సమాజంలో సాత్వికంగా ఉండమని బోధిస్తే పాత సంకెలకు కొత్త తాళం వేసినట్టు కాదా? అలా బోధిస్తే నిశ్చయంగా అంతే. కానీ అలా బోధించేవాడు సగం వాక్యాన్ని మింగేస్తున్నాడు. యేసు మాటకు మూలం 37వ కీర్తన. అక్కడి హీబ్రూ మాట ‘అనావీం’ అణగదొక్కబడ్డవారిని తలపిస్తుంది. తెలుగు కీర్తనలో వారు ‘దీనులు’. వారిని పడగొట్టడానికి దుష్టులు కత్తి దూసి విల్లు ఎక్కుపెట్టారని ఆ కీర్తనే చెబుతుంది. వ్యసనపడవద్దని ఓదార్చి ఊరుకోదు, భూమి మీదే అంటుంది. తెలుగు మత్తయిలో ‘భూలోకము’ అని చదివినప్పుడు అది ఎక్కడో దూరాన ఉన్నట్టు వినిపిస్తుంది. కీర్తనలోని హీబ్రూ ‘ఎరెత్స్’కు లోకమనే కాదు, మనిషి కాపురముండి పండించుకునే నేల అని కూడా అర్థం.