పాట విలువ, పట్టికలో స్థానం

పాటల ఆల్బమ్‌కు పట్టికలో దక్కే స్థానం దాని విలువను చెబుతుందా అన్నది నిజానికి కొలతకూ విలువకూ ఉన్న సంబంధం గురించిన ప్రశ్న. అమెరికాలోని బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టిక చాలాకాలం అమ్మకాలనే లెక్కించింది. కొనుగోళ్లు తగ్గాక, 2014 చివర్లో 1500 స్ట్రీమ్‌లను ఒక ఆల్బమ్ అమ్మకంతో సమానం చేసింది. కొనడం శ్రోత తీసుకునే నిర్ణయం. స్ట్రీమ్ శ్రోత ప్రమేయం లేకుండానే సాగిపోవచ్చు. స్థానం పేరు అదే అయినా, అది కొలిచేది మారింది.

ఈ ప్రశ్నకు భారతీయ చింతనలో రెండు సమాధానాలున్నాయి. భగవద్గీత రెండో అధ్యాయం కర్మను ఫలాపేక్ష నుంచి వేరుచేస్తుంది. ఆ లెక్కన పాడటం కర్తవ్యం, స్థానం ఫలం. రససిద్ధాంతం మాత్రం సహృదయుడు లేనిదే కళ పరిపూర్ణం కాదంటుంది. అయితే అది కోరేది శ్రోతల సంఖ్యను కాదు, లీనమయ్యే మనసును.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల రాగిరేకులు తిరుమల ఆలయ భాండాగారంలో శతాబ్దాలు మరుగునపడి, 20వ శతాబ్దంలో వెలుగు చూశాయి. వినిపించని కాలంలోనూ వాటి విలువ తరగలేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో గోండులు దీపావళి వేళ దండారి పండుగలో గుస్సాడీ ఆడతారు. ఆ నృత్యానికి 2021లో మార్లవాయి వాసి కనకరాజు పద్మశ్రీ అందుకున్నారు. దాని పవిత్రత మాత్రం ఏ గుర్తింపు మీదా ఆధారపడలేదు.

పట్టిక వ్యర్థమేమీ కాదు. కళాకారుల జీవనోపాధికి, కొత్త గొంతు పదిమందికి చేరడానికి అది తోడ్పడుతుంది. అది ఆదరణకు సాక్ష్యం. ఉత్తమత్వానికి ప్రమాణం కాదు.