రాళ్లు పట్టుకున్నవాళ్ల కోసం

మదనపల్లె కేంద్రంగా దశాబ్దాల పాటు పనిచేసి, 1908లో అక్కడే కన్నుమూసిన అమెరికన్ మిషనరీ వైద్యుడు జేకబ్ చేంబర్లేన్ 1863లో హైదరాబాద్ సంస్థానం మీదుగా సుదీర్ఘ ప్రయాణం చేశాడు. దారిలో కోటగోడ ఉన్న ఒక ఊళ్లో జనం ఆయన్ని చుట్టుముట్టి, ఊరు విడిచి పొమ్మన్నారు. కొందరు అప్పటికే రాళ్లు పట్టుకున్నారు. ఒక కథ చెప్పనివ్వండి, తర్వాత మీ ఇష్టం అన్నాడాయన. యేసు పుట్టుక నుంచి సిలువ దాకా తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. సిలువ దగ్గరికి వచ్చేసరికి వింటున్నవాళ్ల కళ్లు చెమర్చాయి, చేతుల్లో రాళ్లు కిందపడ్డాయి. చివరికి ఆ జనమే సువార్త పుస్తకాలు కొనుక్కుని, ఆయన్ని క్షేమంగా సాగనంపారు. 1896లో వచ్చిన ‘ఇన్ ది టైగర్ జంగిల్’లో ఆయనే ఇది రాసుకున్నాడు.

చేంబర్లేన్ ధైర్యం గొప్పదే. కానీ రాళ్లు దించిన బలం ఆయన చెప్పిన కథది. ఆ కథలో మేకులు దిగిన మనిషి, తనను చంపుతున్నవాళ్లను క్షమించమని తండ్రిని వేడుకుంటాడు. వాళ్లు అప్పటికింకా పశ్చాత్తాపపడలేదు, కింద కూర్చుని ఆయన బట్టలకు చీట్లు వేసుకుంటున్నారు.

క్రైస్తవ విశ్వాసంలో మింగుడుపడని చోటు ఇదే. తప్పు చేసినవాడు ముందు ఒప్పుకోవాలి, తర్వాతే క్షమాపణ అన్నది లోకం లెక్క. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని తండ్రి ఆ లెక్క చూడడు. ఆస్తి తగలేసి వచ్చిన కొడుకు ఇంకా దూరంగా ఉండగానే పరుగెత్తుతాడు. పుంగనూరు పక్క పల్లెలో ఊరి పెద్ద పంచె ఎగగట్టుకుని వీధిలో పరుగుతీస్తే జనం ఏమనుకుంటారో, ఆనాటి యూదు పల్లెలోనూ అదే అనుకుని ఉంటారు. కూలివాడిగా పెట్టుకోమని అడగడానికి కొడుకు సిద్ధం చేసుకున్న మాటలు పూర్తికాకుండానే కొత్త బట్టలు వస్తాయి. పెద్దకొడుకు మాత్రం అలిగి గుమ్మం బయటే నిలబడతాడు. లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. మనలో చాలామందిమి ఆ గుమ్మం దగ్గరే ఉన్నాం.

అర్హత అడగని ఆ ప్రేమ మదనపల్లె దగ్గర కట్టడంగానూ నిలిచింది. క్షయకు మందే లేని 1915లో, అనేక మిషన్లు కలిసి ఆరోగ్యవరంలో శానటోరియం తెరిచాయి. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సూపరింటెండెంట్. మంచి గాలి, తిండి, విశ్రాంతే అప్పటి వైద్యం. ఇది ఎవరి పాపం అని పుట్టుగుడ్డివాడి గురించి శిష్యులు అడిగితే, యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. అలాగే, దగ్గే మనిషిని ఇరుగుపొరుగు దూరం పెట్టే రోజుల్లో అతనికి ఆరోగ్యవరంలో మంచం దొరికింది.

అయితే క్షమిస్తే తప్పు చెరిగిపోతుందా? లేదు. తన ఇంటికి యేసు వచ్చాక, పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠు రోగులకు సేవ చేస్తున్న మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఫిలిప్, తిమోతి అనే ఇద్దరు చిన్న కొడుకులతో సహా జీపులో తగలబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానంది. చట్టం పని చట్టానిదేనని కూడా చెప్పింది. బారిపదలో కుష్ఠు రోగుల సేవను కొనసాగించింది. ద్వేషాన్ని వదిలిన ఆమె న్యాయాన్ని వదల్లేదు.

అంత పెద్ద గాయం మనలో చాలామందికి ఉండదు. కుప్పం వైపు తెలుగు, తమిళం కలిసి వినిపించే సంఘాల్లోనైనా, మదనపల్లె పాత చర్చిలోనైనా ఉండేవి ఇంటి గాయాలే: గెట్టు దగ్గర అన్నదమ్ములు అనుకున్న మాట, తల్లి నగల పంపకం, తిరిగిరాని చేబదులు. ఏళ్ల తరబడి పలకరింపుండదు. ప్రభువు బల్ల నాడు ఒకే వరసలో మోకరిస్తారు, ఒకే రొట్టె తీసుకుంటారు, బయటికొచ్చాక చెరో దారి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడమన్న మత్తయి సువార్త మాట వీళ్లందరికీ కంఠతా వచ్చు.

కాబట్టి వచ్చే ప్రభువు బల్లకు ముందు, శనివారం సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లండి. బాకీ మీదైతే డబ్బు తీసుకెళ్లండి. మాట మీరన్నదైతే, ఆ మాటే చెప్పి క్షమించమనండి. తప్పు అవతలివాళ్లదైనా మీరే వెళ్లండి.